ఏడడుగుల రనప్

వాళ్ళకి చివరి ఓవర్లో 14 పరుగులు కావాలి. కెప్టెన్ బంతి నాకిచ్చాడు. అప్పటికి నేను 5 ఓవర్లు వేసి 19 పరుగులే ఇచ్చాను కాబట్టి అది సరైన నిర్ణయమేనని అందరికీ అనిపించింది. మొదటి బంతి అనుకున్న చోటే పడింది, బ్యాట్స్‌మన్ ఊపి తప్పాడు. రెండోది ఫుల్ టాస్, నేల తాకకుండా నేరుగా బ్యాట్ మీదకే వెళ్ళింది, ఫోర్. మూడోదీ ఫుల్ టాసే, సిక్స్. తర్వాతిది లెగ్ సైడ్ వైడ్. ఆపైన ఒక సింగిల్. ఐదో బంతి మోకాలి ఎత్తున మళ్ళీ ఫుల్ టాస్, మిడ్ వికెట్ మీదుగా ఫోర్. ఇంకో బంతి మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది.

ఇది 2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకి ముందు ఆదివారం. మా వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. బండి దగ్గరికి నడుస్తుంటే కీపర్ భుజం మీద చెయ్యేసి, "టెన్షన్ పడ్డావన్నా, అంతే" అన్నాడు. ఆ రాత్రంతా ఆ మాటే నన్ను తొలిచేసింది. టెన్షన్ పడ్డానని నాకూ తెలుసు. కానీ టెన్షన్ పడితే బంతి ఫుల్ టాసే ఎందుకవ్వాలి? షార్ట్‌గా, బ్యాట్స్‌మన్‌కి బాగా ముందే ఎందుకు పడకూడదు? మూడుసార్లు తప్పితే మూడుసార్లూ ఒకే వైపు ఎందుకు తప్పింది? ఒకే రకంగా జరిగే తప్పుకి ఒక కారణం ఉంటుందని నేను పిల్లలకి రోజూ చెబుతాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. రాజమహేంద్రవరంలో ఉంటాను, రోజూ బండి మీద ఓ పల్లెటూరి బడికి వెళ్ళొస్తాను. కుడిచేత్తో, వేళ్ళతో బంతిని తిప్పే ఆఫ్ స్పిన్ వేస్తాను. చిన్నప్పుడు టెన్నిస్ బంతితో మొదలుపెట్టి, డిగ్రీలో లెదర్ బంతికి మారి, ఉద్యోగం పెళ్ళి పిల్లల మధ్య పదమూడేళ్ళు వదిలేసి, 36 ఏళ్ళ వయసులో మళ్ళీ పట్టుకున్నాను. ఇప్పుడు నాకు 43. ఆదివారం మ్యాచ్ నాకు కాలక్షేపం కాదు. వారమంతా దానికోసమే ఎదురుచూస్తాను.

మర్నాడు బడి నుంచి రాగానే కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. నేను బంతి వదిలేది పాపింగ్ క్రీజు, అంటే బౌలర్ ముందుకాలు పడే గీత దగ్గర, అది స్టంప్‌లకి 1.22 మీటర్లు ముందుంటుంది. కాబట్టి అవతలి స్టంప్‌లు నాకు సుమారు 18.9 మీటర్ల దూరం. బంతి స్టంప్‌లకి 4 మీటర్ల ముందు పడాలనుకుంటే నా చేతి నుంచి దాదాపు 15 మీటర్లు పోయి పడాలి. నా వేగం గంటకి 72 కిలోమీటర్లు అనుకున్నాను, అంటే సెకనుకి 20 మీటర్లు. చెయ్యి ఎత్తు 2.1 మీటర్లు. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి, తొమ్మిదో తరగతి లెక్కే వేశాను.

ముందు లైన్, అంటే బంతి ఎడమకో కుడికో ఎంత పోతోందన్న సంగతి చూశాను. చేతిలోంచి బంతి ఒక డిగ్రీ పక్కకి వెళితే 15 మీటర్ల దగ్గర 26 సెంటీమీటర్లు తప్పుతుంది. మూడు స్టంప్‌ల మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు. అంటే ఒక్క డిగ్రీ తేడాతో ఆఫ్ స్టంప్ బంతి లెగ్ స్టంప్ బంతి అయిపోతుంది. ఇదే నాకు పెద్దదిగా కనిపించింది. తర్వాత లెంగ్త్, అంటే బంతి ఎంత దూరం పోయి నేల తాకుతోందో చూశాను. అదే ఒక డిగ్రీ పైకి వెళితే బంతి 70 నుంచి 80 సెంటీమీటర్లు ముందుకెళ్ళి పడుతుంది! పక్కకి తప్పినదానికి దాదాపు మూడింతలు. ఇక డిగ్రీ మారకుండా వేగం ఒక్కటే సెకనుకి ఒక మీటరు పెరిగిందనుకుందాం, అంటే గంటకి 3.6 కిలోమీటర్లు. బ్యాట్స్‌మన్ గుర్తుపట్టలేనంత చిన్న తేడా అది. దానికే బంతి 80 సెంటీమీటర్ల పైన ముందుకెళ్ళిపోతుంది.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇరవయ్యేళ్ళుగా నేను లైన్ గురించే మథనపడ్డాను, "ఆఫ్ స్టంప్ బయట, ఆఫ్ స్టంప్ బయట" అని మనసులో అనుకుంటూ పరిగెత్తాను. నన్ను దెబ్బతీస్తున్నది లెంగ్త్. లెంగ్త్‌ని దెబ్బతీస్తున్నవి రెండు: బంతిని వదిలే క్షణం, నా వేగం. ఈ రెండూ కళ్ళతో చూసి సరిచేసుకునేవి కావు. అప్పటికి నాకు అంతవరకే అర్థమైంది, ఏం చెయ్యాలో తెలియలేదు.

తెలిసిన పని మొదలుపెట్టాను. మా ఇంటికి దగ్గర్లో ఒక గ్రౌండ్ ఉంది. ఓ మూల సిమెంటు పిచ్ మీద మ్యాట్ పరుస్తారు, మేకులు మనమే బిగించుకోవాలి. పొద్దున్నే ఐదున్నరకి వెళ్ళి, ఇంట్లోంచి తెచ్చిన ఒక పాత బాత్ టవల్‌ని స్టంప్‌లకి 4 మీటర్ల దూరంలో పొడుగ్గా పరిచేవాణ్ణి. మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు. పది పాత బంతులు ఒక బకెట్లో. ఆరు విడతల్లో 60 బంతులు. టవల్ మీద పడితే ఒక గీత, టవల్ దాటి ముందు పడితే ఒకటి, టవల్ చేరకుండా వెనక పడితే ఒకటి, లెగ్ వైపు పోతే ఒకటి. పిల్లల పాత నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాల మీద నాలుగు గళ్ళు గీశాను.

మొదటి వారం సగటు 60కి 14.

ఆ అంకె చూసినప్పుడు మనసు చివుక్కుమంది. ఊళ్ళో నాకు "లైన్ అండ్ లెంగ్త్ బౌలర్" అని పేరు. మంచి బంతులు గుర్తుండిపోతాయి, మిగతావి మర్చిపోతాం. నోట్‌బుక్ ఏదీ మర్చిపోదు. బౌలింగ్ మెరుగుపరుచుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: లెక్క రాయండి. నెట్స్‌లో బ్యాట్స్‌మన్‌కి వెయ్యడం ప్రాక్టీసు కాదనను, కానీ అక్కడ మన కళ్ళు వాడి బ్యాట్ మీద ఉంటాయి. వాడు చెత్త బంతికి అవుటైతే మనం సంతోషపడతాం. టవల్ అలా సంతోషపెట్టదు.

సంక్రాంతి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు, బీటెక్ చదువుతున్నాడు. వాడి ఫోన్లో స్లో మోషన్ బాగుంటుంది. "మావయ్యా, నువ్వు వెయ్యి, నేను తీస్తా" అని పక్క నుంచి, వెనక నుంచి తీశాడు. చూసి వాడే పట్టుకున్నాడు: "నీ ముందుకాలు ప్రతిసారీ ఒకే చోట పడట్లేదు మావయ్యా." నేను నమ్మలేదు. మర్నాడు ఇంట్లోంచి ముగ్గు డబ్బా పట్టుకెళ్ళాను. అది సంక్రాంతి నెల, ముగ్గుకి కొదవ లేదు. పాపింగ్ క్రీజు దగ్గర పల్చగా చల్లి పన్నెండు బంతులు వేసి చూశాను. బూటు ముద్రలు అటూ ఇటూ జానెడు మేర చెదిరి ఉన్నాయి. కొన్ని క్రీజు వెనక, కొన్ని గీతకి ఆనుకుని, రెండు గీత దాటేసి. అంటే నో బాల్స్. ముందుకాలిలో కొంత భాగమైనా, నేల మీద కాకపోతే గాలిలోనైనా, ఆ గీత వెనక ఉండాలి కదా. మా ఆదివారం మ్యాచ్‌ల్లో అంపైర్ కూడా మనలో ఒకడే, కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరూ పట్టుకోలేదు.

ముందుకాలు చెదిరితే పైన చెయ్యి కుదురుగా ఉండమంటే ఎలా ఉంటుంది? ఆ వారమంతా బంతి లేకుండా రనప్ మాత్రమే, అంటే బంతి వేసే ముందు తీసే పరుగు మాత్రమే, పరిగెత్తాను. నా రనప్ ఏడడుగులు. ఎక్కడ మొదలుపెడుతున్నానో అడుగులతో కాకుండా టేపుతో కొలిచి గుర్తు పెట్టుకున్నాను. ఎప్పుడూ ఎడమకాలితోనే మొదలు. ఇంతకుముందు ఒక్కోసారి చిన్నగా రెండు గెంతులు వేసి మొదలుపెట్టేవాణ్ణి, ఒక్కోసారి నిలబడ్డ చోటి నుంచే. ఆ గెంతులు తీసేశాను. ముద్రలు నాలుగు వేళ్ళ వెడల్పులోకి వచ్చాయి.

రెండో కన్ను రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయనది. రోజూ అదే గ్రౌండ్‌లో వాకింగ్‌కి వస్తారు, ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడినవారు. వారం రోజులు దూరం నుంచి చూసి, ఓ రోజు దగ్గరికొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, మీ కుడిచేతికి ఏ లోటూ లేదండి. ఎడమ చెయ్యే తొందరపడుతోంది."

"అంటే బాబాయి గారూ?"

"అది పైకి లేవకుండానే కిందకి పడిపోతోందండి. అది పడగానే మీ ఛాతీ బ్యాట్స్‌మన్ వైపు తిరిగిపోతోంది, తల ఎడమవైపుకి వాలిపోతోంది. ఇంకేముంది, బంతి లెగ్ వైపుకి పోక ఎక్కడికి పోతుంది?"

ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఎడమ చెయ్యి ఎత్తి, ఆ మోచేతి పక్క నుంచి బ్యాట్స్‌మన్‌ని చూడాలి. ఆ చెయ్యి నేరుగా కిందకి, తుంటి పక్కకి లాక్కోవాలి, పక్కకి విసిరెయ్యకూడదు. అది కిందకి వచ్చేటప్పుడే కుడిచెయ్యి పైకి వస్తుంది, బావిలో గిలకకి రెండు వైపులా కట్టిన చేదల్లాగా. ముందుకాలి వేళ్ళ మీద ఒళ్ళంతా తిరిగి, కుడి మోకాలు ముందుకి దూసుకురావాలి. బంతి వదిలాక కుడిచెయ్యి ఎడమ తుంటి దాటి పోవాలి. ఇది ఆయన ఒక్కసారే చెప్పారు. తర్వాత నెల రోజులపాటు రోజూ వాకింగ్‌లో నా పక్క నుంచి వెళ్ళేటప్పుడు "ఎడమ చెయ్యండీ" అని మాత్రం అనేవారు.

ఫిబ్రవరి నెలాఖరుకి సగటు 19. లెగ్ వైపు పోయే గీతలు బాగా తగ్గాయి. ముందుకీ వెనక్కీ పోయేవి మాత్రం అలాగే ఉన్నాయి. నా లెక్క చెప్పింది కూడా అదే కదా: లైన్ యాక్షన్‌తో కుదుటపడింది, లెంగ్త్ ఇంకా దేనికీ లొంగలేదు.

ఆ తర్వాత దారి దొరికింది గ్రౌండ్‌లో కాదు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. శనివారం సాయంత్రం క్లాసుకి నేనే తీసుకెళ్ళి, అయ్యేదాకా వరండాలో కూర్చుంటాను. లోపల టీచర్ గారు చిన్న కర్రతో తాళం వేస్తూ జతులు చెబుతుంటారు. ఆ రోజు పిల్లలకి కొత్తది నేర్పుతున్నారు, మిశ్రగతిలో. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. పిల్లలు బాగానే వేస్తున్నారు. ఇంతలో తల్లులు ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చి ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు. అంతే, పిల్లల అడుగులు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి. ఎవరూ చెప్పలేదు, తాళం మారలేదు. టీచర్ గారు కర్ర ఆపేసి, "కాలం పరిగెడుతోంది, కాలం! ఎవరు తరుముతున్నారమ్మా మిమ్మల్ని?" అన్నారు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏడు. నా అడుగులూ ఏడే.

జనవరి మ్యాచ్‌లో నా చివరి రెండు ఓవర్లు మా టీమ్ కుర్రాడొకడు వెనక నుంచి ఫోన్లో తీశాడు. ఆ వీడియో నాకు పంపి చాలా రోజులైంది, చూడబుద్ధి కాక వదిలేశాను. ఆ రాత్రి ఇంటికొచ్చి తీసి, మొదటి అడుగు నుంచి బంతి వదిలేదాకా ఒక్కో ఫ్రేమ్ లెక్కపెట్టాను. సెకనుకి 30 ఫ్రేములు. బాగా పడిన ఓవర్లో ఒక్కో బంతికి 77, 78, 79 ఫ్రేములు ఉన్నాయి, అంటే దాదాపు 2.6 సెకన్లు. చివరి ఓవర్ మొదటి బంతి 76. రెండోది 69. మూడోది 66, అంటే 2.2 సెకన్లు. ఐదోదీ 66.

నా ప్రశ్నకి జవాబు అక్కడుంది. టెన్షన్ నా చేతిని ఏమీ చెయ్యలేదు, కాళ్ళని తరిమింది. అవే ఏడడుగులు తక్కువ సమయంలో వేశాను. ఒళ్ళు వేగంగా వచ్చింది కాబట్టి బంతి వేగం కొంచెం పెరిగింది. ఒళ్ళు ముందుకెళ్ళిపోయి చెయ్యి వెనకబడింది కాబట్టి బంతి చేతిలోంచి ముందే జారి, ఒకటి రెండు డిగ్రీలు పైకి లేచింది. రెండూ బంతిని ముందుకే తోస్తాయి. అందుకే షార్ట్ పడలేదు, అందుకే మూడూ ఫుల్ టాస్‌లే. ఆ వైడ్ కూడా అందులోదే, కాళ్ళు తొందరపడితే ఛాతీ ముందే తెరుచుకుంటుంది.

సోమవారం పొద్దున్నే టవల్ పరిచి, తకిట తకధిమి అని పైకి అంటూ పరిగెత్తాను. "మి" దగ్గర ముందుకాలు. మొదట్లో ఇబ్బందిగానే ఉండేది, వాకింగ్‌కి వచ్చేవాళ్ళు ఆగి చూసేవారు. మూడు రోజుల్లో నోరు ఆగిపోయి లోపలే వినిపించడం మొదలైంది. ఇంకో మాట, చిన్నదే కానీ నాకు చాలా పనికొచ్చింది: చూపు ఎక్కడుంచాలన్నది ఆలోచించడం మానేశాను. అప్పటిదాకా టవల్ వైపు గుచ్చి చూసేవాణ్ణి. ఇప్పుడు రనప్ మొదట్లో ఒకసారి చూస్తాను, తర్వాత ధ్యాసంతా నడక మీదే. రెండు వారాల సగటు 27కి వచ్చింది.

ఇక్కడ సంతోషపడి ఆగిపోయేవాణ్ణి. మళ్ళీ బాబాయి గారే ఆపారు. "మాస్టారూ, బంతి అక్కడే పడుతోంది, బాగుందండి. కానీ తిరగట్లేదు చూశారా?"

నిజమే. టవల్ మీద పడాలనే ఆశతో బంతిని వెయ్యడం మానేసి అక్కడ పెట్టడం మొదలుపెట్టాను. వేళ్ళు పని చెయ్యడం మానేశాయి. అలాంటి బంతి మ్యాట్ మీద నేరుగా వెళ్ళి, బ్యాట్స్‌మన్‌కి త్రోడౌన్‌లాగా, ప్రాక్టీసు కోసం చేత్తో విసిరిన బంతిలాగా అందుతుంది. ఆఫ్ స్పిన్నర్‌కి కచ్చితత్వం ఒక్కటే ఉంటే ఏం లాభం? గట్టిగా తిప్పిన బంతి మీదే గాలి పని చేస్తుంది. ముందుకి దొర్లే తిప్పు కొంత ఉంటే, బంతి బ్యాట్స్‌మన్ అనుకున్నదానికన్నా ముందే కిందకి దిగుతుంది. పక్క తిప్పు దాన్ని గాలిలో స్లిప్ వైపుకి కొంచెం లాగి, నేల తాకాక లోపలికి తెస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. తిప్పు లేకపోతే ఇవేవీ లేవు.

కాబట్టి పట్టు దగ్గరికి వెళ్ళాను. చూపుడువేలు, మధ్యవేలు కుట్టుకి అడ్డంగా, బాగా ఎడంగా, పైకణుపులు కుట్టు మీద ఆనేలా. ఉంగరం వేలు కింద ఆసరా. బొటనవేలు ఊరికే తగిలి ఉండాలి, నొక్కకూడదు. అసలు పని చూపుడువేలిది. తాళంకప్పలో తాళంచెవిని కుడివైపుకి తిప్పినట్టు మణికట్టూ వేలూ కలిసి తిప్పాలి. నా వేళ్ళు పొట్టివి, అందుకని సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని బంతిని ఆ రెండు వేళ్ళ మధ్య ఇరికించి ఉంచేవాణ్ణి. చూపుడువేలి పక్కన కాయ కాసింది. ఒక పాత బంతికి కుట్టు అవతల సగం తెల్లరంగు వేశాను. గాలిలో అది తిరిగే తీరు తెలుపు ఎరుపుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కుట్టు లెగ్ స్లిప్ వైపు చూస్తూ నిలకడగా తిరిగితే బాగా పడినట్టు. తెలుపూ ఎరుపూ కలిసిపోయి గజిబిజిగా కనిపిస్తే వేళ్ళు జారినట్టు.

నోట్‌బుక్‌లో నియమం మార్చాను. టవల్ మీద పడినా తిరగని బంతికి గీత లేదు. ఆ రోజు సగటు మళ్ళీ 12కి పడిపోయింది. ఈసారి మనసు చివుక్కుమనలేదు, ఎందుకు పడిపోయిందో తెలుసు కాబట్టి.

ఆ ఎండాకాలం నాకు ఒకప్పటి భారత జట్టు స్పిన్నర్ బాపు నాద్‌కర్ణి తరచూ గుర్తొచ్చేవారు. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండ్ మీద వరసగా 21 మెయిడెన్ ఓవర్లు, 131 బంతులు ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశారు. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు. నెట్స్‌లో పిచ్ మీద ఒక నాణెం పెట్టుకుని దాన్నే కొడుతూ సాధన చేసేవారని చెబుతారు. నాది మీటరున్నర టవల్, ఆయనది నాణెం. అలాగే మన హైదరాబాద్ గులాం అహ్మద్, ఆయన నాలాగే ఆఫ్ స్పిన్నర్. 1950–51 రంజీ సీజన్లో హోల్కర్ జట్టు మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. 555 బంతులు. పొద్దున 60 వేసి భుజం పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ అంకె గురించి చాలాసేపు ఆలోచించేవాణ్ణి. అన్ని బంతులు బలంతో వెయ్యలేరు ఎవరూ. ప్రతి బంతికీ ఒళ్ళు అదే దారిలో, అదే ఊపులో కదిలితేనే సాధ్యం.

భుజం మాట వచ్చింది కాబట్టి నేను చేసిన పొరపాటూ చెబుతాను. ఏప్రిల్‌లో రోజూ 60 నుంచి 90కి పెంచేశాను. మూడో వారంలో చెయ్యి ఎత్తి దువ్వుకోవడం కష్టమైంది. ఫిజియోథెరపిస్ట్ నాలుగు వారాలు బంతి ముట్టుకోవద్దన్నారు, రబ్బరు బ్యాండుతో వ్యాయామాలు ఇచ్చారు. ఖాళీగా ఉండి నోట్‌బుక్ తిరగేస్తే అప్పటిదాకా గమనించనిది కనిపించింది. ప్రతిరోజూ చివరి ఇరవై బంతుల్లో షార్ట్ పడేవి ఎక్కువ. అలసిపోతే ముందు మోకాలు వంగిపోతుంది, చెయ్యి ఎత్తు తగ్గుతుంది, బంతి వెనక పడుతుంది. అంటే ఆ ఇరవై బంతులతో నేను షార్ట్ వెయ్యడాన్నే సాధన చేస్తున్నానన్నమాట. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు, రోజుకి 36 బంతులు. ఆరు వేశాక బంతులు ఏరుకొచ్చి, మ్యాచ్‌లో అవతలి ఎండ్ ఓవర్ అయ్యేంతసేపు ఆగి, మళ్ళీ ఆరు. మధ్యలో నిలబడటమూ సాధనలో భాగమే. మ్యాచ్‌లో ప్రతి ఓవర్‌నీ చల్లారిన ఒంటితోనే కదా మొదలుపెట్టేది.

అక్టోబరుకి, 36 బంతుల్లో తిరుగుతూ టవల్ మీద పడేవి 19, 20. అప్పుడు టవల్‌ని సగానికి మడిచాను. డిసెంబరు పొద్దుటిపూట మంచు మాత్రం వేరే కష్టం. గోదావరి పక్క ఊళ్ళలో ఆ నెలలో మ్యాట్ తడిసి ముద్దవుతుంది, బంతి సబ్బుముక్కలా జారుతుంది. ఆ రోజుల్లో గీతలు వెయ్యను, రనప్ మాత్రం పరిగెత్తి వచ్చేస్తాను.

ఈ సీజన్లో ఒక మ్యాచ్ సంగతి చెప్పాలి. చివరికి ముందు ఓవర్, వాళ్ళకి 12 బంతుల్లో 17 కావాలి. మళ్ళీ నాకే ఇచ్చారు. మొదటి రెండు బంతులు సింగిల్స్. మూడో బంతికి పరిగెత్తడం మొదలుపెట్టాను. తకిట దగ్గరే తెలిసిపోయింది, కాలం పరిగెడుతోంది. లోపల వినిపించేదొకటి, కాళ్ళు వేసేదొకటి. నాలుగో అడుగు దగ్గర ఆగిపోయాను. బ్యాట్స్‌మన్ పక్కకి జరిగి చూశాడు, అంపైర్ "ఏమైందండీ" అన్నాడు. "మళ్ళీ వస్తానండీ" అని వెనక్కి నడిచి, గుర్తు దగ్గర నిలబడి, రెండుసార్లు మొత్తం ఏడూ లోపల చెప్పుకుని మొదలుపెట్టాను. బంతి ఎక్కడ పడాలో అక్కడ పడింది, లోపలికి తిరిగి ప్యాడ్‌కి తగిలింది. అవుట్ ఇవ్వలేదు. ఆ ఓవర్లో 5 పరుగులు వచ్చాయి. తర్వాతి ఓవర్లో వాళ్ళు బాగా ఆడి గెలిచారు. ఇంటికొచ్చి ఆ ఓవర్ వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టాను: 78, 77, 78, 79, 78, 78.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మా అమ్మాయి, "గెలిచారా నాన్నా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎందుకు నవ్వుతున్నావు?" అంది. ఫోన్ తీసి చూపించాను. అది అడుగులు చూస్తూ, కంచం పక్కన వేలితో తాళం వేసింది. "ఐదో అడుగు కొంచెం ముందుగా పడుతోంది నాన్నా" అంది. మళ్ళీ చూశాను. నిజమే, పడుతోంది. ఏడూ కలిసి సరైన సమయానికే పూర్తవుతున్నాయి కానీ, ఐదో అడుగు తొందరపడి, ఆరోది ఆలస్యమై సర్దుకుంటోంది.

ప్రస్తుతం దాని మీదే ఉన్నాను. ఎడమచేతి బ్యాట్స్‌మన్‌కి అరౌండ్ ద వికెట్, అంటే స్టంప్‌ల అవతలి పక్క నుంచి వేసేటప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ వైపు నుంచి నా రనప్‌లో ఒక మలుపు ఉంది. వచ్చే సోమవారం నుంచి టవల్ ఎడమచేతివాళ్ళ ఆఫ్ స్టంప్ వైపు జరుపుతున్నాను. ముగ్గు డబ్బా మళ్ళీ బయటికి తీశాను, ఈసారి ముందుకాలి దగ్గరే కాదు, ఐదో అడుగు పడే చోట కూడా చల్లాలి.